జైహింద్ అన్న మాట వెనుక మనిషి – ఆబిద్ హసన్ సఫ్రానీ

ఆగస్టు 15 అయినా, జనవరి 26 అయినా, జెండా ఎగరేశాక బడిలో ఎవరి ఉపన్యాసమైనా ముగిసేది ఒకే మాటతో: జైహింద్. పిప్పరమెంట్లు పంచేలోపు వందల గొంతులు ఆ మాటను తిరిగి పలికేవి. పోలీసులు, సైనికులు ఒకరినొకరు పలకరించుకునేది ఈ మాటతోనే. ప్రధానమంత్రి ఎర్రకోట మీద ప్రసంగం ముగించేది కూడా దీనితోనే. ఇంతమంది నోట నలిగిన ఈ మాటను మొదట పలికిన మనిషి పేరు మాత్రం మన పాఠాల్లో కనపడదు. ఆయన మన హైదరాబాదువాడు. సైనికుడిగా యుద్ధం చేశారు, జైలుకు వెళ్ళారు, ఆ తర్వాత రాయబారిగా పనిచేశారు. 1984లో హైదరాబాదులోనే కన్నుమూశారు. మన సంఘం స్వర్ణోత్సవ సంచికలో ఆయన జీవితం గురించి నాలుగు మాటలు చెప్పుకోవడం సముచితమని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఇంటి నుంచే మొదలైన పోరాటం

ఆయన అసలు పేరు జైనుల్ ఆబిదీన్ హసన్. 1911లో హైదరాబాదులో, చదువూ హోదా ఉన్న కుటుంబంలో పుట్టారు. నిజాం రాజ్యంలో అలాంటి కుటుంబాలు ఎక్కువగా బ్రిటిష్ వారితో సఖ్యంగా ఉండేవి. ఈ ఇంటి తీరు వేరు. తల్లి ఫక్రుల్ హాజియా స్వదేశీ ఉద్యమాన్ని మనసారా నమ్మిన మనిషి. గాంధీజీ మీద, సరోజినీ నాయుడు మీద ఆమెకు గొప్ప గౌరవం. ట్రూప్ బజారులోని తమ ఇల్లు ఆబిద్ మంజిల్‌లో విదేశీ బట్టలు కుప్ప పోసి తగలబెట్టించారని చెబుతారు. అన్న బద్రుల్ హసన్ గాంధీజీ దగ్గర పనిచేశారు. ఆబిద్ కూడా శాసనోల్లంఘన రోజుల్లో చదువు పక్కనపెట్టి కొంతకాలం సబర్మతి ఆశ్రమంలో ఉన్నారు, జైలూ చూశారు. అహింసా మార్గం ఒక్కటే చాలదన్న ఆలోచన ఆయనలో ఆ రోజుల్లోనే మొదలైంది.

అప్పట్లో పెద్దిళ్ళ పిల్లలు పై చదువులకు ఇంగ్లండు వెళ్ళేవారు. ఆబిద్ ఇంజనీరింగు చదవడానికి జర్మనీ వెళ్ళారు. ఆ చదువు పూర్తి కాలేదు. 1939లో యుద్ధం వచ్చింది. 1941లో కలకత్తా ఇంటి నిర్బంధం నుంచి మారువేషంలో తప్పించుకుని, కాబూల్ మీదుగా సుభాష్ చంద్రబోస్ బెర్లిన్ చేరారు. అక్కడున్న భారతీయ విద్యార్థులు కొందరు ఆయన చుట్టూ చేరారు. వారిలో ఆబిద్ ఒకరు. జర్మన్ భాష బాగా వచ్చిన ఆ యువకుడు నేతాజీకి కార్యదర్శి, దుబాసీ అయ్యారు.

ఒక పలకరింపు అవసరమైంది

ఉత్తర ఆఫ్రికా యుద్ధంలో జర్మన్లకు పట్టుబడిన భారతీయ సైనికులు, జర్మనీలోని మన విద్యార్థులు కలిసి ఒక దళంగా ఏర్పడ్డారు. చివరికి అది దాదాపు 3,000 మందితో కూడిన ఇండియన్ లీజియన్ అయింది. బ్రిటిష్ వారి సైన్యంలో సిక్కులకు ఒక పటాలం, గూర్ఖాలకు ఒకటి, రాజపుత్రులకు ఒకటి. చాలాచోట్ల వంట కూడా వేరువేరు. మనవాళ్ళను కులాల వారీగా, మతాల వారీగా విడదీసి ఉంచడం వారి పద్ధతి. నేతాజీ ఈ దళంలో అందరినీ కలిపేశారు. ఒకే బారకులో పడక, ఒకే బంతిలో భోజనం.

అప్పుడొక చిన్న చిక్కు వచ్చిపడింది. పొద్దున లేస్తే ఒకరు రామ్‌రామ్ అంటారు, ఒకరు సలామ్ అంటారు, మరొకరు సత్ శ్రీ అకాల్ అంటారు. పలకరింపులోనే ఎవరిది ఏ మతమో తెలిసిపోతుంది. అందరికీ చెల్లే పలకరింపు ఒకటి కావాలని నేతాజీ అడిగారు. హైదరాబాదు చరిత్రకారుడు నరేంద్ర లూథర్ చెప్పిన కథ ప్రకారం ఆబిద్ మొదట హలో అంటే సరిపోదా అని అడిగి నేతాజీతో చీవాట్లు తిన్నారు. తర్వాత డ్రెస్డెన్ దగ్గర కోనిగ్స్‌బ్రుక్ శిబిరంలో ఇదే ఆలోచిస్తూ తిరుగుతుంటే, ఇద్దరు రాజపుత్ర సైనికులు జై రామ్‌జీ కీ అని పలకరించుకోవడం ఆయన చెవిన పడింది. దాంట్లోంచి జై హిందుస్తాన్ కీ పుట్టింది. అది బాగా పొడుగనిపించి జైహింద్‌గా కుదించారు. నేతాజీ వెంటనే ఒప్పుకున్నారు. ఈ మాటను అంతకు ముందే చెంపకరామన్ పిళ్ళై వాడారనేవారు కూడా ఉన్నారు. అయితే దాన్ని ఒక సైన్యపు రోజువారీ పలకరింపుగా నిలబెట్టింది మాత్రం ఈ శిబిరాలే. అక్కడినుంచి అది సింగపూరు, రంగూను మీదుగా మన దేశానికి వచ్చింది.

ఆ రోజుల గురించి ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. జర్మనీలో అప్పుడు రాజ్యం చేస్తున్నది హిట్లరు. శత్రువుకు శత్రువు మిత్రుడన్న లెక్కతో నేతాజీ అక్కడికి వెళ్ళారు. ఆ లెక్క తప్పా ఒప్పా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. హిట్లరు నుంచి మన స్వాతంత్ర్యానికి గట్టి హామీ ఏదీ రాలేదు. తూర్పున జపాను సైన్యం సింగపూరును, బర్మాను గెలిచాక, పని జరగాల్సిన చోటు అటేనని నేతాజీ నిశ్చయించుకున్నారు.

సముద్రం అడుగున మూడు నెలలు

1943 ఫిబ్రవరి రెండో వారంలో జర్మనీలోని కీల్ రేవు నుంచి యు-180 అనే జలాంతర్గామి బయలుదేరింది. అందులో ఇద్దరే భారతీయులు: నేతాజీ, ఆబిద్ హసన్. ఎక్కడికి వెళుతున్నదీ ఆబిద్‌కు ముందుగా చెప్పలేదు. సామాను సర్దుకో, ప్రయాణం ఉంది అన్నంతవరకే తెలుసు.

ఇరుకు గది, ఎటు చూసినా డీజిలు వాసన. రొట్టె కూడా డీజిలు కంపే. నేతాజీ తినలేకపోతున్నారని గమనించిన ఆబిద్ సామాన్ల గదిలో వెతికితే బియ్యం, పప్పు కనపడ్డాయి. కిచిడీ వండారు. నేతాజీ దాన్ని జర్మన్ అధికారులకు కూడా పెట్టించడం మొదలుపెట్టేసరికి, ఉన్న కాస్త బియ్యం ఎన్నాళ్ళు వస్తుందోనని ఆబిద్‌కు బెంగ పట్టుకుంది.

ఆ మూడు నెలలూ నేతాజీ ఖాళీగా కూర్చోలేదు. తన పుస్తకాన్ని తిరగరాయిస్తూ ఆబిద్ చేత టైపు చేయించారు. టోక్యోలో జపాను ప్రధాని టోజోను కలిసినప్పుడు ఏం మాట్లాడాలో ముందే సాధన చేశారు. టోజో పాత్ర ఆబిద్‌ది. అడ్డుప్రశ్నలు వేయడం ఆయన పని, జవాబు చెప్పడం నేతాజీ పని. ఏప్రిల్ 18న యు-180 ఒక బ్రిటిష్ చమురు ఓడను ముంచింది. తాము ఉన్న పడవ మీదికి ఎప్పుడు ఏ బాంబు వచ్చి పడుతుందో తెలియని ప్రయాణమది.

ఏప్రిల్ చివర్లో, మడగాస్కర్ దగ్గర నడి సముద్రంలో జపాను జలాంతర్గామి ఐ-29 ఎదురొచ్చింది. అలలు ఉధృతంగా ఉండడంతో రెండు పడవలూ దగ్గరకు రాలేకపోయాయి. ఏప్రిల్ 28న ఇద్దరూ ఒక రబ్బరు తెప్ప ఎక్కి, తడిసి ముద్దై ఒక దాంట్లోంచి మరోదాంట్లోకి మారారు. యుద్ధం నడుస్తుండగా రెండు దేశాల జలాంతర్గాముల మధ్య ఇలా మనుషులు మారడం చాలా అరుదైన సంగతి. జపాను పడవ మీద ఆ సిబ్బందితో నేతాజీ దిగిన ఫొటో ఒకటి ఇప్పటికీ ఉంది.  మే నెలలో సుమత్రా దగ్గర సబాంగ్‌లో దిగి, విమానంలో టోక్యో చేరారు.

ఇంఫాల్ దారిలో

1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయినప్పుడు బ్రిటిష్ సైన్యంలోని దాదాపు 45,000 మంది భారతీయ సైనికులు ఖైదీలయ్యారు. వారిలోంచి మొదటి ఆజాద్ హింద్ ఫౌజు పుట్టింది. తర్వాత జపాను వారితో పేచీ వచ్చి అది చితికిపోయింది. 1943 జూలై 4న నేతాజీ నాయకత్వం తీసుకున్నాక మళ్ళీ ప్రాణం పోసుకుంది. ఈసారి మలయా రబ్బరు తోటల కూలీలు, బర్మా రేవుల్లో పనిచేసేవాళ్ళు, గుమాస్తాలు కూడా చేరారు. వీరిలో తమిళులు ఎక్కువ. తెలుగువాళ్ళూ ఉన్నారు. మన తీరం నుంచి రంగం వెళ్ళడం అప్పట్లో మామూలు సంగతి. కోరంగి రేవు పేరు మీదే బర్మావాళ్ళు తెలుగువాళ్ళను కొరంగీలు అని పిలిచేవారు. ఆ యుద్ధం మన గుమ్మందాకా కూడా వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి.

ఆబిద్ హసన్ ఈ సైన్యంలో మేజరు అయ్యారు. అక్టోబరు 21న ఏర్పడిన ఆజాద్ హింద్ ప్రభుత్వానికి హిందుస్తానీలో జాతీయ గీతం కావలసివచ్చింది. టాగూరు పాటను ఆధారంగా చేసుకుని రాసిన ఆ గీతం రచయితల్లో ఆబిద్ పేరు, ముంతాజ్ హుసేన్ పేరు చెబుతారు. బాణీ కట్టింది కెప్టెన్ రామ్‌సింగ్ ఠాకూర్. ఆబిద్ తన పేరు చివర సఫ్రానీ చేర్చుకున్నది కూడా ఈ కాలంలోనే. జెండాలో ఏ రంగు ఉండాలన్న మాట మీద హిందువులు కాషాయం కోరారనీ, ముస్లిములు ఆకుపచ్చ కోరారనీ, చివరికి హిందూ సైనికులు తమ పట్టు వదులుకున్నారనీ, అది చూసి కరిగిపోయిన ఆబిద్ ఆ కాషాయాన్ని తన పేరులో కలుపుకున్నారనీ చెబుతారు. సఫ్రానీ అంటే కాషాయ వర్ణం వాడు. ఒక ముస్లిం యువకుడు జీవితాంతం ఆ పేరుతోనే ఉన్నారు.

1944 వసంతంలో జపాను సైన్యంతో కలిసి ఫౌజు ఇంఫాల్ మీదికి కదిలింది. ఏప్రిల్ 14న మొయిరాంగ్‌లో జెండా ఎగిరింది. అయితే ఇంఫాల్ చిక్కలేదు. వానలు ముందే మొదలయ్యాయి. బియ్యం రాలేదు, మందులు రాలేదు, విమానాల అండ లేదు. జూలైలో వెనక్కి తిరగమని ఆజ్ఞ వచ్చింది. ఆ తిరుగు ప్రయాణమే అసలు నరకం. తూటాలకు పోయినవారికంటే మలేరియాకు, విరేచనాలకు, ఆకలికి పోయినవారే ఎక్కువ. మోకాలి లోతు బురదలో, నడవలేని స్నేహితుణ్ణి మోసుకుంటూ కొండలు దిగారు.

ఆబిద్ ఆ నడకలో ఉన్నారు. చాలా ఏళ్ళ తర్వాత ఆ మనుషుల గురించి ఇంగ్లీషులో ఒక చిన్న రచన చేశారు. తన గొప్ప గురించి అందులో చెప్పుకోలేదు. తన వెంట నడిచినవారిలో ఎన్ని ప్రాంతాలవారు, ఎన్ని భాషలవారు, ఎన్ని మతాలవారు ఉన్నారో చెప్పారు. ఓడిపోయి, చిరిగిన బట్టలతో, జబ్బుపడి తిరిగొస్తున్నా వాళ్ళు ఒకరినొకరు వదిలిపెట్టలేదని చెప్పారు. ఏ భేదమూ లేని ఒక్క భారతీయులుగా మనుషులు మారడం అక్కడే కళ్ళారా చూశానన్నది ఆ రచన సారాంశం. శిబిరంలో పలకరింపుగా మొదలైన మాట బురద దారిలో నిజమైందన్నమాట.

విమానంలో చోటు దొరకలేదు

1945 ఆగస్టులో జపాను లొంగిపోయింది. నేతాజీ బ్యాంకాక్ నుంచి సైగాన్ చేరారు. వెంట ఉన్న కొద్దిమందిలో ఆబిద్ ఒకరు. సైగాన్‌లో ఉన్న జపాను విమానంలో నేతాజీకి కాక ఇంకొక్కరికే చోటుందన్నారు. ఆ చోటు హబీబుర్ రహమాన్‌కు దక్కింది. మూడు నెలలు సముద్రం అడుగున తోడున్న మనిషి ఈసారి ఒడ్డున నిలబడిపోయారు. ఆ విమానం మర్నాడు తైపేలో కూలిపోయింది. ఆ ప్రమాదం మీద ఎన్ని విచారణలు, ఎన్ని వాదాలు నడిచాయో మనందరికీ తెలిసినవే.

ఆబిద్‌ను బ్రిటిష్ వారు నిర్బంధించారు. ఎర్రకోటలో ఫౌజు అధికారుల మీద నడిచిన విచారణ దేశాన్ని అట్టుడికించింది. 1946 జనవరిలో ఆ ముగ్గురు అధికారుల శిక్ష రద్దయింది. అదే ఏడు ఆబిద్ కూడా విడుదలై ఇల్లు చేరారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1948లో నెహ్రూ ప్రభుత్వం ఆయనను విదేశాంగ శాఖలోకి తీసుకుంది. చైనాలో, అరబ్ దేశాల్లో పనిచేసి, డెన్మార్కులో రాయబారిగా ఉండి, 1969లో పదవీ విరమణ చేసి హైదరాబాదులో స్థిరపడ్డారు.

గుర్తింపు ఎవరికి దక్కింది?

ఆబిద్ సఫ్రానీ ఒక విధంగా అదృష్టవంతులు. ఆయన వెంట నడిచిన వేలమందికి అలాంటి దారి దొరకలేదు. స్వతంత్ర భారత సైన్యం ఫౌజువారిని తిరిగి తీసుకోలేదు. పాత సైన్యం ప్రమాణం తప్పినవారిగా వారిని చూసింది. ప్రజలు పూలదండలు వేశారు, ప్రభుత్వం ఉద్యోగం ఇవ్వలేదు. 1972లో స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకం వచ్చేదాకా వారిలో చాలామందికి ఏ ఆసరా లేదు. అప్పటికి 27 ఏళ్ళు గడిచిపోయాయి. సింగపూరులో నేతాజీ 1945 జూలైలో శంకుస్థాపన చేసిన అమరవీరుల స్మారకాన్ని బ్రిటిష్ సైన్యం తిరిగి రాగానే పేల్చివేసింది. అదే చోట గుర్తుగా ఒక ఫలకం పెట్టింది 1995లో. ఢిల్లీ గణతంత్ర కవాతులో ఫౌజు వీరులను మొదటిసారి కూర్చోబెట్టి తీసుకెళ్ళింది 2019లో. ఆ రోజు జీపుల్లో వచ్చినవారు నలుగురే, అందరూ తొంభై దాటినవారు.

మాటకు మాత్రం గుర్తింపు వెంటనే వచ్చింది. 1947 ఆగస్టు 15న తపాలా శాఖ వేసిన ప్రత్యేక ముద్ర మీద జైహింద్ ఉంది. అదే ఏడు నవంబరు 21న వచ్చిన స్వతంత్ర భారత తొలి తపాలా బిళ్ళ మీద, త్రివర్ణ పతాకం పక్కన, జైహింద్ ఉంది. ఆ మాటను పుట్టించిన సైన్యం బయట నిలబడి ఉండగానే, మాట ఒక్కటే లోపలికి వచ్చేసింది.

అటు బ్రిటిష్ సైన్యంలో పోరాడినవారిదీ మరో రకం కథ. మన తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరం సంగతి మనకు కొత్త కాదు. మొదటి ప్రపంచ యుద్ధానికి ఆ ఊరి నుంచి 90 మంది, రెండో యుద్ధానికి 1,110 మంది వెళ్ళారని ఊరివారి లెక్క. అందుకే అది మిలటరీ మాధవరం అయింది. పిల్లలకు మేజరు, కెప్టెను అని పేర్లు పెట్టుకున్న ఊరది. ఇంఫాల్‌లో, కోహిమాలో బ్రిటిష్ పక్షాన చనిపోయినవారికి వరుసగా సమాధులు, పేర్లు చెక్కిన రాళ్ళు ఉన్నాయి. ఇప్పటికీ వాటిని శ్రద్ధగా చూసుకుంటున్నారు. అదే కొండల్లో ఫౌజు తరఫున పోయినవారికి చాలామందికి రాయి లేదు, పేరు లేదు. దేశం స్వతంత్రమయ్యాక ఒక పక్షం వారికి పతకాలు మిగిలాయి కానీ, పరాయి రాజు కోసం పోరాడారన్న మాట కూడా మిగిలింది. రెండో పక్షం వారికి కీర్తి మిగిలింది కానీ, కూడు మిగలలేదు. పొట్టకూటి కోసం పటాలంలో చేరిన కుర్రవాడినీ, ఖైదులో నేతాజీ మాట విని జెండా మార్చిన కుర్రవాడినీ ఒకరికొకరిని పోటీపెట్టి తూచడం మన పని కాదు. ఇద్దరూ ఇలాంటి పల్లెల నుంచి వెళ్ళినవారే.

ఆయన పేరున ఒక బడి

ఆబిద్ సఫ్రానీ పేరు మీద పెద్ద విగ్రహాలు వెలిసినట్టు కనపడదు. ఆయన అన్న కూతురు సురయ్యా హసన్ బోస్ నేతాజీ కుటుంబంలోని అరబిందో బోస్‌ను పెళ్ళాడారు. హిమ్రూ, మష్రూ వంటి పాత నేతలను తిరిగి బతికించి, వితంతువులకు మగ్గం పని నేర్పి, పేరు తెచ్చుకున్నారు. తన నేతశాల దగ్గరే పేద పిల్లల కోసం ఒక బడి పెట్టి, చిన్నాన్న జ్ఞాపకార్థం దానికి సఫ్రానీ పేరు పెట్టారు. ఒక సైనికుడికి దక్కిన గుర్తింపుల్లో ఇంతకన్నా మేలైనది నాకు తోచడం లేదు. రోజూ హాజరు పట్టీ మీద, సర్టిఫికెట్ల మీద ఆ పేరు రాస్తారు. పిల్లలు పెద్దయ్యాక కూడా ఆ పేరు చెప్పుకుంటారు.

బడిలో చదువుకున్నవాళ్ళం కాబట్టి మనకూ ఈ పని చేతనవును. భీమడోలు చుట్టుపక్కల ఊళ్ళలో, అటు కొల్లేటి లంకల దాకా, రెండో యుద్ధానికి వెళ్ళివచ్చిన తాతలు ఉన్న ఇళ్ళు ఉండకపోవు. వాళ్ళెవరూ ఈనాడు లేరు. అయినా ఇంట్లో పాత ట్రంకు పెట్టెలో ఒక డిశ్చార్జి పుస్తకమో, ఒక పతకమో, యూనిఫారంలో దిగిన ఒక ఫొటోనో ఉంటుంది. దాన్ని చూసి ఆయన ఏ పటాలంలో, ఏ దేశంలో ఉన్నదీ చెప్పగలిగిన ముసలమ్మలు ఇంకా కొందరున్నారు. ఈ స్వర్ణోత్సవం నాటికి మన సంఘం ఒక పుస్తకం తెరిచి, ఆ పేర్లు ఊరి వారీగా రాయించి, బడి లైబ్రరీలో ఉంచితే బాగుంటుంది. ఏ జెండా కింద పోరాడారన్న తేడా ఆ పుస్తకంలో వద్దు. పేరు, ఊరు, పనిచేసిన చోటు, ఉంటే ఒక ఫొటో, ఇవి చాలు. వచ్చే జనవరి 26న ఎవరి ఇంట్లో ఏముందో తెచ్చి చూపితే, ఆ రోజే మొదటి పేజీ రాసుకోవచ్చు.